చెట్టు ఎటు పడిందో ముందు చూడండి: గాలివాన మర్నాడు నష్టం కొలవడం ఎలా

మార్చి చివర నుంచి మే దాకా బెంగళూరులో ఏదో ఒక సాయంత్రం ఇది జరుగుతుంది. నాలుగింటి దాకా మాడ్చేసే ఎండ. ఐదున్నరకి మబ్బు కమ్ముకుంటుంది. ఆ వెంటనే పది నిమిషాల గాలి, నాలుగు వడగళ్లు. కరెంటు పోతుంది, వీధిలో ఏదో ఫెళ్లున విరిగిన చప్పుడు. పావుగంటలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "టోర్నడో!" అని పెట్టేస్తారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఊళ్లోంచి అమ్మ ఫోన్ చేసి, "మీ వైపు సుడిగాలి వచ్చిందటగా, కిటికీలు వేసుకున్నారా?" అంటుంది.

వచ్చింది సుడిగాలో, మామూలు గాలివానో మీరే తేల్చుకోవచ్చు. మర్నాడు పొద్దున ఓ రెండు గంటలు నడిచి, కాగితం మీద కొన్ని బాణాలు గీస్తే చాలావరకు తెలిసిపోతుంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్, ఇది నా పిచ్చి. కొన్నేళ్లుగా మా లేఅవుట్ చుట్టుపక్కల ఇలా తిరుగుతున్నాను. చేసిన తప్పులు కూడా చెబుతాను, మీకు పనికొస్తాయి.

రాత్రి వెళ్లకండి

ఆత్రంగానే ఉంటుంది, తెలుసు. అయినా తెల్లవారేదాకా ఆగండి. కరెంటు లేదు కదా అని తెగిపడిన వైరు దగ్గరికి పోవద్దు. సరఫరా ఏ నిమిషంలోనైనా తిరిగి ఇవ్వొచ్చు. ఎవరింట్లోనైనా జనరేటర్‌ని తప్పుగా కలిపి ఉంటే వెనక నుంచి కూడా లైన్‌లోకి కరెంటు వస్తుంది. వైరు మీద పడిన చెట్టునూ, వైరు మునిగిన నీటి గుంటనూ వైరులాగే చూడండి. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌కి 1912లో చెప్పి పక్కకు తప్పుకోండి.

రెండో ప్రమాదం తల మీద ఉంటుంది. సగం విరిగి పైన వేలాడే కొమ్మ గాలి ఆగిన పది గంటలకి కూడా ఊడిపడుతుంది. ఫొటో కోసం ఫోన్‌లోకి చూస్తూ చెట్టు కిందకి నడిచేస్తాం. కాబట్టి ముందు పైకి చూసి, తర్వాతే ఫోన్ తీయండి. నానిన కాంపౌండ్ గోడల పక్కన నిలబడకండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. రేకు ముక్కలు, అద్దం పెంకులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి.

డ్రోన్ ఉందని సరదాపడొద్దు. హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం, జక్కూరు ఏరోడ్రోమ్ అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. ఎక్కడ ఎగరేయొచ్చో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూడకుండా ఎగరేస్తే లేనిపోని కేసు. దాని బదులు పది అంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కితే దాదాపు అదే చూపు దొరుకుతుంది.

రంపం కంటే ముందు చేరుకోవాలి

ఈ సర్వేలో మీ పోటీ అంతా రంపంతోనే. రోడ్డుకి అడ్డం పడిన చెట్టుని తెల్లవారకముందే ముక్కలు చేసి పక్కకి తోసేస్తారు. చేయాలి కూడా, ఆంబులెన్స్ వెళ్లాలి కదా. కానీ దుంగలు కుప్పగా వేశాక చెట్టు ఎటు పడిందో చెప్పేవాళ్లుండరు. అందుకే ఆరింటికల్లా బయల్దేరండి, ముందు పెద్ద రోడ్లు చూసి తర్వాత సందుల్లోకి, పార్కుల్లోకి వెళ్లండి. పార్కులో పడిన చెట్టు వారం దాకా కదలదు.

అప్పటికే కోసేసి ఉంటే రాత్రి తీసిన ఫొటోల కోసం గ్రూపులో అడగండి. ఫార్వర్డ్ అయిన ఫొటో కాదు, తీసినవాళ్ల దగ్గర ఉన్న ఒరిజినల్ కావాలి. అందులో టైమ్, చాలాసార్లు లొకేషన్ కూడా ఉంటాయి. షాపుల సీసీటీవీ ఇంకా మంచిది. గడియారం తప్పు చూపించే కెమెరాలే ఎక్కువ కాబట్టి, ప్రస్తుతం అది ఎంత తేడా చూపిస్తోందో ముందు రాసుకోండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. లొకేషన్ ఆన్ చేసిన ఫోన్, పవర్ బ్యాంక్, టేపు, నోట్‌బుక్, పెన్సిల్ చాలు. వాన తుంపరలో పెన్ను రాయదు. ఫోన్‌లోని దిక్సూచిని ముందు ఎనిమిది అంకెలా తిప్పి సరిచేసుకోండి. కారు, ఇనుప గేటు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి రీడింగ్ తీస్తే ముప్పై డిగ్రీలు తప్పినా ఆశ్చర్యం లేదు.

ఒక్కో చెట్టు దగ్గర ఏం రాయాలి

వేరు దగ్గర నిలబడి తల వైపు చూడండి. దిక్సూచి ఎన్ని డిగ్రీలు చూపిస్తే అదే చెట్టు పడిన దిక్కు. ప్రతి చెట్టుకీ ఇదే పద్ధతి పాటించండి. ఒకచోట వేరు వైపు నుంచి, ఇంకోచోట తల వైపు నుంచి కొలిస్తే సాయంత్రం మ్యాపు ముందు కూర్చుని జుట్టు పీక్కోవాలి. నేను మొదటిసారి సరిగ్గా అదే చేశాను.

తర్వాత చెట్టు ఎలా పోయిందో రాయండి. వేళ్లతో సహా పెకిలిందా, మాను మధ్యలో విరిగిందా, కొమ్మలే విరిగాయా? ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత తీసుకోండి. నాలుగు ఫొటోలు చాలు: దూరం నుంచి మొత్తం, వేరు నుంచి తల వైపు, విరిగిన చోటు, వేళ్లు. పక్కన టేపు గానీ నీళ్ల సీసా గానీ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది.

వేళ్ల దగ్గర మాత్రం తీరిగ్గా ఉండండి, అసలు కథంతా అక్కడే. మన రోడ్ల పక్క గుల్‌మొహర్, రెయిన్ ట్రీ, ఆఫ్రికన్ ట్యులిప్ ఏ పరిస్థితిలో బతుకుతున్నాయో చూడండి. మొదలు దాకా కాంక్రీటు, ఒక పక్క డ్రైనేజీ, ఇంకో పక్క కేబుల్ కోసం తవ్విన గుంత. పెకిలిన వేరుముద్దలో ఒక వైపు వేళ్లు గొడ్డలితో నరికినట్టు సాపుగా ఉంటే, ఎప్పుడో తవ్వకంలో వాటిని తెగ్గొట్టారన్నమాట. వేరు లోపల నల్లగా, మెత్తగా, తడి పొడిలా రాలుతుంటే కుళ్లింది. అలాంటి చెట్టు గాలి వేగం గురించి మీకు ఏమీ చెప్పదు. దిక్కు చెబుతుంది, అదీ కొంచెమే.

ఇక చాలామంది మరిచిపోయే పని: పడనివాటిని రాయడం. పెకిలిన చెట్టుకి ఇరవై అడుగుల దూరంలో ఇస్త్రీ బండి మీద కట్టిన టార్పాలిన్ చెక్కుచెదరకుండా ఉందా? పక్కింటి మేడ మీద సోలార్ హీటర్ నిలబడే ఉందా? ఆ ఫొటో కూడా తీయండి. పడిన చెట్టు కంటే నిలబడ్డ టార్పాలిన్ గాలి గురించి ఎక్కువ చెప్పిన రోజులున్నాయి.

గోడలు కూడా చూడండి. గాలికి చిరిగిన ఆకుల ముక్కలు, బురద చుక్కలు గోడకి అతుక్కుపోయి ఎండుతాయి. ఒక ఇంటికి ఒకే వైపు గోడ మీద అతుక్కుంటే గాలి అటు నుంచే వచ్చింది. నాలుగు గోడలకీ అతుక్కుని ఉంటే గాలి దిక్కు మార్చుకుందని అర్థం. దాన్ని వెంటనే గుర్తు పెట్టుకోండి. రెండు వానలు పడితే ఈ ఆధారం కొట్టుకుపోతుంది.

బాణాలు గీయండి

ఇంటికొచ్చి టిఫిన్ చేసి మ్యాపు తెరవండి. ఒక్కో చెట్టుకి ఒక్కో బాణం, పడిన దిక్కులో.

బాణాలన్నీ దాదాపు ఒకే వైపు ఉన్నా, ఒక చోటు నుంచి విసనకర్రలా విచ్చుకున్నా అది డౌన్‌బర్స్ట్. మబ్బులోంచి చల్లటి గాలి బరువుగా కిందకి పడి, నేలకి తగిలి, బిందె బోర్లిస్తే నీళ్లు పరుచుకున్నట్టు చుట్టూ పరుచుకుంటుంది. అది 4 కి.మీ. లోపు పరిధిలో ఉంటే మైక్రోబర్స్ట్, దాటితే మాక్రోబర్స్ట్ అంటారు.

బాణాలు రెండు వైపుల నుంచి లోపలికి, ఒక సన్నటి గీత మీదికి వాలుతున్నట్టు ఉంటే అప్పుడు సుడిగాలి గురించి ఆలోచించండి. సుడిగాలి నష్టం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఒక ఇంటి కప్పు ఎగిరిపోతుంది, దాని పక్క వీధిలో తులసికోట మీద దీపపు ప్రమిద కూడా కదలదు. మన ఉత్తరార్ధగోళంలో సుడి ఎక్కువగా గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అది సాగే వైపుకి తిరిగి నిలబడితే కుడి పక్కన సుడి వేగం, ముందుకు సాగే వేగం కలుస్తాయి. అందుకే నష్టం ఎక్కువగా ఆ పక్కన ఉంటుంది.

ఈ బాణాల పద్ధతి వెనక టెడ్ ఫుజిటా ఉన్నాడు. 1945లో హిరోషిమా, నాగసాకి శిథిలాల్లో తిరిగిన జపాన్ శాస్త్రవేత్త. పేలుడు చోటు నుంచి చుట్టూ బయటికి పడిన చెట్లను అక్కడ చూశాడు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో ఒక్క విడతలో 148 టోర్నడోలు వచ్చాయి. ఆ నష్టాన్ని విమానం నుంచి చూస్తుంటే ఒకచోట సుడి గుర్తు లేకుండా చెట్లు నక్షత్రంలా బయటికి పడి కనిపించాయి. నాగసాకి గుర్తొచ్చింది. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతూ ఒక విమానం కూలింది. దాన్ని పరిశీలిస్తూ డౌన్‌బర్స్ట్ అనే మాట తెచ్చాడు. చాలామంది నిపుణులు మొదట ఒప్పుకోలేదు. పడిన చెట్లు మాత్రం ఆయన వైపే ఉన్నాయి.

మనకి దగ్గరి ఉదాహరణ ములుగు జిల్లాది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేలకు వేల చెట్లు కూలాయి. టోర్నడో అని కొందరు, డౌన్‌బర్స్ట్ అని కొందరు అన్నారు. అంత పెద్ద అడవి అయితే ఉపగ్రహ చిత్రాల్లోనూ నష్టం కనిపిస్తుంది. మన వీధికి ఆ సౌకర్యం లేదు, నడవాల్సిందే.

బెంగళూరులో బాణాలు గీసేటప్పుడు ఒక మెలిక ఉంది. రోడ్డు పక్క చెట్టు ఎప్పుడూ వెలుతురు కోసం రోడ్డు మీదికే వంగి పెరుగుతుంది. ఇంటి వైపు కొమ్మలు కొట్టేస్తారు కాబట్టి బరువంతా రోడ్డు వైపే ఉంటుంది. గాలి ఎటు నుంచి వచ్చినా అది ఎక్కువగా రోడ్డు మీదికే పడుతుంది. రోడ్డుకి రెండు పక్కల చెట్లూ మధ్యలోకి పడితే మ్యాపు మీద అచ్చం సుడిగాలి గుర్తులా కనిపిస్తుంది! పైగా రెండు వరసల ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య గాలి కాలవలో నీళ్లలా వీధి వెంబడే పోతుంది. అందుకే వీధి చెట్ల బాణాలు పెన్సిల్‌తో, పార్కులు, చెరువు కట్టలు, కాలేజీ క్యాంపస్‌లు, ఖాళీ సైట్లలో నిటారుగా పెరిగిన చెట్ల బాణాలు పెన్నుతో గీయండి. రెంటికీ పడకపోతే పెన్ను మాటే నమ్మండి.

తుపానుకి ఈ లెక్క వర్తించదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ అప్పుడు విశాఖలో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ముందు ఒక వైపు నుంచి గంటల తరబడి గాలి, కన్ను దాటేటప్పుడు కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఎదురు వైపు నుంచి మళ్లీ గాలి. అక్కడ చెట్లు ఎదురెదురుగా పడినా అది టోర్నడో కాదు.

మనుషుల్ని అడిగే తీరు

"గాలి తిరిగిందా అన్నా?" అని అడిగితే వాచ్‌మన్ తప్పకుండా "తిరిగింది సార్" అంటాడు. అబద్ధం కాదు, మీరు ఆ మాట నోట్లో పెట్టారు. పైగా వాన తెర గాలికి మెలికలు తిరుగుతుంటే నిజంగానే తిరిగినట్టు కనిపిస్తుంది. మాట కూడా ఒక చిక్కే. ఎండలో పొలంలో ఎండుటాకులు ఎత్తుకుని గిరగిరా తిరిగేదీ మనకి సుడిగాలే, ఇళ్లు లేపేదీ సుడిగాలే. మొదటిది వేడి నేల మీద పుట్టేది, దానికి మబ్బుతో పనిలేదు.

ఇలా అడగండి: మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు? ముందు వాన వచ్చిందా, గాలి వచ్చిందా? ఏ వైపు కిటికీలోంచి నీళ్లు లోపలికి కొట్టాయి? గట్టి గాలి ఎంతసేపు ఉంది? కన్నడం వాళ్లయితే "గాళి యావ కడెయింద బంతు?" అంటే చాలు, గాలి ఏ వైపు నుంచి వచ్చిందో చెయ్యి చాపి చూపిస్తారు. మాట కంటే ఆ చెయ్యి ముఖ్యం, దాని దిక్కు రాసుకోండి. సుడిగాలి ఒకచోట ఉండేది సాధారణంగా కొన్ని సెకన్లు, మహా అయితే ఒకట్రెండు నిమిషాలు. పది నిమిషాలు ఊపేసిందంటే డౌన్‌బర్స్ట్ వైపే మొగ్గాలి. రైలు వచ్చినట్టు చప్పుడు అని అందరూ చెబుతారు, అది రెంటికీ వస్తుంది.

ఇక రేటింగ్

టోర్నడోల తీవ్రతకి ఫుజిటా 1971లో చేసిన కొలమానాన్ని సవరించి అమెరికాలో 2007 ఫిబ్రవరి నుంచి వాడుతున్నారు. దాన్నే ఈఎఫ్ స్కేలు అంటారు. ఈఎఫ్0 అంటే గంటకు 105 నుంచి 137 కి.మీ. గాలి. ఈఎఫ్1 177 దాకా, ఈఎఫ్2 217 దాకా, ఈఎఫ్3 266 దాకా, ఈఎఫ్4 322 దాకా. అది దాటితే ఈఎఫ్5.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. గాలిని ఎవరూ కొలవరు, నష్టాన్ని చూసి గాలిని అంచనా వేస్తారు. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రెనో దగ్గర వచ్చిన టోర్నడో వెడల్పు 4 కి.మీ. పైనే. రాడార్ దానిలో భయంకరమైన వేగాలు చూసింది. కానీ అది ఎక్కువగా పొలాల మీదుగా పోయింది, ఆ వేగాన్ని చూపించే కట్టడాలు దారిలో లేవు. రేటింగ్ ఈఎఫ్3 దగ్గరే ఆగింది.

ఆ స్కేలులో గట్టి కలప చెట్లకి ఉన్న అంకెలు మనకి పనికొస్తాయి. చిటికెన వేలంత, బొటనవేలంత కొమ్మలు విరిగితే 97 కి.మీ. మణికట్టంత కొమ్మలు విరిగితే 119. చెట్టు పెకిలితే 146, మాను విరిగితే 177, బెరడు ఊడి మోడు మిగిలితే 230. ఇవి మధ్య అంకెలు, ప్రతిదానికీ కింద, పైన హద్దులుంటాయి. పెకిలిన చెట్టుకి 122 నుంచి 190, విరిగిన మానుకి 150 నుంచి 216. వేళ్లు బాగుండి, మట్టి గట్టిగా ఉంటే మధ్య అంకె తీసుకోండి. వానకి నాని నేల మెత్తబడితే కింది హద్దు. వేళ్లు తెగినవి, కుళ్లినవి లెక్కలోంచి తీసేయండి. అవి ఆ కింది హద్దు కంటే చాలా తక్కువ గాలికే పడిపోతాయి.

అమెరికా పట్టికలో మన రేకుల షెడ్డు, మేడ మీద నీళ్ల ట్యాంకు, పీజీ బోర్డు ఉండవు. వాటికి చిన్న లెక్క వేసుకోవచ్చు. సెకనుకి మీటర్లలో గాలి వేగాన్ని దానితోనే హెచ్చవేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. పదితో భాగిస్తే సుమారుగా కిలోలు. గంటకు 60 కి.మీ. గాలికి మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు రేకు మీద దాదాపు 50 కిలోల తోపు పడుతుంది. 120కి రెండింతలు కాదు, నాలుగింతలు, అంటే 200 కిలోలు.

నేను బోల్తా పడింది ఇక్కడే. ఒకసారి రెండు వీధుల అవతల పడిన రేకు చూసి ఉత్సాహంగా ఈఎఫ్1 అని రాసి గ్రూపులో పెట్టేశాను. సాయంత్రం ఆ మేడ ఎక్కి చూస్తే రేకులకి ఒక్క బోల్టు లేదు, పైన ఆరేడు రాళ్లు బరువు పెట్టారంతే. పన్నెండు కిలోల రేకు, పాతిక కిలోల రాళ్లు. దానికి 60 కి.మీ. గాలి చాలు. మర్నాడు గ్రూపులో సవరణ పెడితే ఎవరూ చదవలేదు, మొదటిది మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. కాబట్టి రేకు ఎంత దూరం పోయిందని కాదు, ఎలా బిగించారని అడగండి. హుక్కు బోల్టు చుట్టూ రేకు చిరిగిపోయిందా, బోల్టే ఊడిందా, అసలు లేదా? ట్యాంకు దొర్లితే అందులో నీళ్లున్నాయో లేదో అడగండి. వెయ్యి లీటర్ల నిండు ట్యాంకు టన్ను, ఖాళీది మనిషి ఒక్కడే ఎత్తేంత.

పోల్చుకోవడానికి ఇంకో అంకె. మన ఐఎస్ 875 ప్రమాణం బెంగళూరు కట్టడాలకి తీసుకోమనే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 33 మీటర్లు, అంటే గంటకు 119 కి.మీ. హైదరాబాద్‌కి 44, చెన్నై, విశాఖ, విజయవాడలకి 50. అంటే రూలు ప్రకారం కట్టిన బెంగళూరు ఇల్లు ఈఎఫ్0లో కనీసం కింది సగం వేగాలని తట్టుకోవాలి. ఒక వీధిలో అలా కట్టిన ఇళ్లు, బోర్డులు బాగానే ఉండి పాత చెట్లూ, రాళ్లు పెట్టిన రేకులూ మాత్రమే పోతే గాలి 105 కూడా దాటి ఉండకపోవచ్చు. ఈ ఊళ్లో నా సర్వేలు ఎక్కువగా అక్కడే తేలాయి.

చివరి రేటింగ్‌ని ఒక్క వస్తువు మీద నిలబెట్టకండి. అన్నిటికంటే పెద్ద నష్టాన్ని తీసుకుని, చుట్టుపక్కలవి దాన్ని సమర్థిస్తున్నాయా చూడండి. బోర్లాపడిన ఆటో పక్కన పూలకుండీలు నిలబడి ఉంటే ఆటో సాక్ష్యం చెల్లదు. బాణాలు డౌన్‌బర్స్ట్ అని చెబితే ఈఎఫ్ అంకె వేయకండి, అది టోర్నడోలకే. "నేరుగా వీచిన గాలి, సుమారు గంటకు 90 నుంచి 110" అని రాయండి. ఒకే అంకె కాకుండా ఇలా రెండు అంకెల మధ్య చెప్పడమే నిజాయితీ. విమానాశ్రయంలో కొలిచిన వేగంతో పోల్చండి గానీ, అది తక్కువుందని మీ లెక్క కొట్టేయకండి. మైక్రోబర్స్ట్ మీ లేఅవుట్‌ని ఊపేసి వెళ్తే పది కిలోమీటర్ల అవతలి పరికరానికి ఆకు కదిలినట్టు కూడా తెలియదు.

ఈ నోట్సు ఇన్సూరెన్స్‌కి సరిపోదు. చెట్టు కింద నలిగిన కారుకి సమగ్ర పాలసీ ఉంటేనే డబ్బు వస్తుంది, థర్డ్ పార్టీకి రాదు. కారు కదిలించకముందే ఫొటోలు తీసి కంపెనీకి చెప్పాలి.

వారం తర్వాత ఒక్కసారి మళ్లీ తిరగండి, ఈసారి పడిపోని చెట్ల కోసం. కొత్తగా ఒక పక్కకి ఒరిగి, వెనక వైపు మొదలు దగ్గర నేల నెర్రె విచ్చిన చెట్టు వచ్చే గాలికి పడేదే. దాన్ని మీరే కొట్టించేయకూడదు, 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. జనం ఇంకా పాత నగరపాలిక పేరుతో బీబీఎంపీ అనే అంటున్నా 2025 సెప్టెంబర్ నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి, మీ వీధి ఏ కార్పొరేషన్‌లోకి వస్తుందో చూసుకుని ఫిర్యాదు రాయండి. నెర్రెకి రెండు చివర్లా చిన్న మేకులు దిగ్గొట్టి, పక్కన టేపు పెట్టి ఫొటో తీసి జత చేయండి. నాలుగు రోజులాగి మళ్లీ తీయండి. నెర్రె మేకు దాటి పోయి ఉంటే రెండో ఫొటో కూడా పంపించి, కార్లు అక్కడి నుంచి తీసేయమని కింది ఇంటివాళ్లకి చెప్పండి.